స్థాలీపులాక న్యాయం

తెలుగు పండితుడిగా ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి 2017లో పదవీ విరమణ చేసినవాణ్ణి. తరగతి గదిలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనవి లౌకిక న్యాయాలు. కాకతాళీయ న్యాయం, బీజాంకుర న్యాయం, అంధగజ న్యాయం, స్థాలీపులాక న్యాయం. పాఠంలో ఉన్నా లేకున్నా ఏదో ఒక సందర్భం కల్పించుకుని వీటిని పిల్లలకు చెప్పేవాణ్ణి. స్థాలి అంటే కుండ, పులాకం అంటే మెతుకు. కుండలో అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి అన్నమంతా పిసికి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు.

ఇన్నేళ్ళు ఆ న్యాయాన్ని ఇతరులకు బోధించిన నేను, నా ఇంటి కుండలోని మెతుకు మూడేళ్ళకు పైగా నా చేతిలోనే ఉన్నా పట్టి చూడలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. నాకు తెలిసిన కాస్తా, నా వద్ద ఒకప్పుడు చదువుకుని ఇప్పుడు విశాఖపట్నంలో వైద్యురాలిగా ఉన్న అమ్మాయి ఓపికగా విడమరచి చెప్పినది. గురువుకు పాఠం చెప్పవలసి రావడం ఆ అమ్మాయికి ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. విద్యార్థిగా కూర్చోవడం మాత్రం నాకు ఇబ్బంది అనిపించలేదు.

మా ఆవిడ పుట్టినిల్లు ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ప్రాంతాన్ని అలా పిలుస్తారు. ఉద్యానమే ఉద్దానమైందని పెద్దలు అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఆ పేరుకు తగినట్టే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటికి వెళ్ళినప్పుడు, బండి దిగగానే మా బావమరిది చెట్టెక్కి బొండాలు దించి, "ముందు ఇది తాగండి బావా, మాటలు తర్వాత" అనేవాడు.

ఆ తోటల నీడలోనే మూత్రపిండాల వ్యాధి ఇంటింటా ఉన్నది. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, అయినా పొలం పనులు చేసుకునే మనిషికి నలభై, యాభై ఏళ్ళ వయసులో మూత్రపిండాలు క్షీణిస్తాయి. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. పలాసలో 2023 డిసెంబరులో రెండువందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మా బావమరిది అంతవరకు ఉండలేదు.

అతనికి డయాలసిస్ మొదలుపెట్టిన రోజున వైద్యులు చెప్పిన జాగ్రత్తలలో ఒకటి, కొబ్బరినీళ్ళు తాగకూడదని. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు మిగులు పొటాషియాన్ని ఎప్పటికప్పుడు బయటకు పంపేస్తాయి. పాడైన మూత్రపిండాలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ చెదురుతుంది, ఒక్కొక్కసారి గుండే ఆగిపోతుంది. మూడెకరాల కొబ్బరితోట ఉన్నవాడు తన చెట్టు నీళ్ళు తాను తాగరాదన్న మాట విని, "చెట్టుకి నేను నీళ్ళు పొయ్యాలి గానీ, అది నాకు పొయ్యకూడదన్నమాట బావా" అని నవ్వాడు.

2016 వేసవిలో ఒక సోమవారం తెల్లవారుజామున అతను పోయాడు. డయాలసిస్‌కు డయాలసిస్‌కు నడుమ రెండు రోజుల ఎడం వచ్చేది ఆ ఆదివారాలలోనే. ఆ ఎడం చివరి గంటలు ఇటువంటి రోగుల గుండెకు మిక్కిలి ప్రమాదకరమైనవని తరువాత తెలిసింది. ఆ ఆదివారం అతను ఏం తిన్నాడో, ఏం తాగాడో మేము అడగలేదు. అడిగి ప్రయోజనమూ లేదు.

మూత్రపిండానికీ గుండెకూ బంధం ఉందని ఆనాడే నాకు బోధపడి ఉండవలసింది. పడలేదు. అది ఉద్దానం జబ్బు, మనం శ్రీకాకుళం పట్నంలో ఉన్నాం, మనది వేరు అనుకున్నాను. నా మొదటి పొరపాటు ఇదే.

మా ఆవిడకు నలభై ఆరో ఏట నుంచి మధుమేహం, రక్తపోటు రెండూ ఉన్నాయి. మాత్రలు వేళకు వేసుకునేది. ఏటా పరీక్షలు చేయించేవాణ్ణి. ఆ కాగితాలను తేదీల వరుసలో ఒక గుడ్డసంచీలో భద్రపరచేవాణ్ణి. పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటు కొద్దీ ప్రతి కాగితం మీదా ఎర్ర సిరాతో ఒక మాట రాసేవాణ్ణి కూడా. "సుగరు ఫరవాలేదు", "కొవ్వు తగ్గినది", ఈ తీరుగా.

2018 నాటి కాగితంలో మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 42 అని ఉంది. 30 లోపు ఉండాలని పక్కనే అచ్చు వేసి ఉంది. 2019లో 78. 2020లో కరోనా భయంతో వెళ్ళలేదు. 2021లో 190. ఆ అంకెలు ప్రతిసారీ ముద్దక్షరాలలోనే ఉన్నాయి. రక్తంలో క్రియాటినిన్ మాత్రం 2018లో 0.9, 2021లో 1.1. ఆ ప్రయోగశాల వారి లెక్కలో 1.1 వరకు మామూలే గనుక దాని పక్కన ఏ గుర్తూ లేదు. 2021 కాగితం మీద నా ఎర్ర సిరా మాట ఇప్పటికీ ఉంది: "కిడ్నీ బాగున్నది".

అదే సంవత్సరం వానాకాలంలో ఒక సాయంత్రం కూర తరుగుతూ తరుగుతూ కత్తిపీట పక్కకు జరిపి, "ఏమండీ, గుండెల్లో పిట్ట కొట్టుకుంటున్నట్టుంది" అంది. మంచినీళ్ళిచ్చాను. కాసేపటికి తగ్గింది. వాయువు చేసి ఉంటుందని వాము నమలమన్నాను. అలా నాలుగైదుసార్లు జరిగింది. ఒకసారి వెంటపెట్టుకుని వెళ్ళి ఇ.సి.జి. తీయించాను. ఆ వేళకు పిట్ట ఎగిరిపోయింది, గీత చక్కగా వచ్చింది. మా ఇద్దరి మనసులూ కుదుటపడ్డాయి.

2022 ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆమె లేవలేదు. కళ్ళు తెరిచే ఉంది. కుడిచేయి కదలలేదు. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు దానిని కరిగించే మందు ఇవ్వవచ్చునట. నిద్రలో వచ్చింది గనుక ఎప్పుడు మొదలైందో చెప్పగలవారు లేరు. విశాఖపట్నం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ మందు ఇవ్వడం కుదరలేదు.

ఆ ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టిన యంత్రం మీద పచ్చని గీత పరుగెడుతుంటే నా విద్యార్థిని దానిని చూపించి చెప్పింది. "మాస్టారూ, ఆ పెద్ద శిఖరాలు చూడండి. ఒకదానికి ఒకదానికి నడుమ దూరం ఎక్కడా సమానంగా లేదు. ప్రతి శిఖరానికి ముందు ఒక చిన్న అల ఉండాలి, అది లేనే లేదు. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం."

కర్ణిక అంటే గుండె పైగది. అది క్రమంగా ముడుచుకోవడం మాని గజగజ వణుకుతుంది. కింది గదులకు ఆజ్ఞలు ఇష్టం వచ్చినట్టు అందుతాయి. గణాలు తప్పిన పద్యం అనుకున్నాను నాలో నేను. వణికే గదిలో రక్తం కదలక నిలుస్తుంది. నిలిచిన చోట, ముఖ్యంగా ఎడమ కర్ణికకు తోకలా ఉండే చిన్న సంచిలో, గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలితే తిన్నగా మెదడుకు పోవచ్చు. ఈ లయభంగం ఉన్నవారికి పక్షవాతం ముప్పు లేనివారికంటే దాదాపు ఐదు రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులపై జరిగిన అధ్యయనం 1991లోనే చెప్పింది.

మరునాడు ఆ అమ్మాయి పాత కాగితాలు అడిగింది. గుడ్డసంచీ ఇచ్చాను. ఒక్కొక్కటీ తిరగేస్తూ నా ఎర్ర సిరా రాత దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏమీ అనలేదు. తన చరవాణిలో ఏవో అంకెలు వేసి చూసి, "1.1 అంటే అందరికీ ఒకటే కాదు మాస్టారూ. అరవై ఏళ్ళ ఆడమనిషికి ఆ లెక్కన వడపోత 57 మాత్రమే" అంది.

అప్పుడు తెలుసుకున్నాను, మూత్రపిండాన్ని చూడడానికి రెండు మెతుకులు ఉన్నాయని. మొదటిది వడపోత వేగం. రక్తంలోని క్రియాటినిన్‌ను, వయసును, స్త్రీపురుష భేదాన్ని కలిపి లెక్కకట్టే ఈ అంకెను ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. అది 60కి తక్కువగా మూడు నెలలు నిలిస్తే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని పేరు. రెండవది మూత్రంలో ఆల్బుమిన్. అది రక్తంలో ఉండవలసిన మాంసకృత్తు. జల్లెడ కన్నాలు పెద్దవైతే మూత్రంలోకి జారుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటితే జల్లెడ చెడడం మొదలైనట్టు, 300 దాటితే బాగా చెడినట్టు. ఉద్దానం వ్యాధిలో ఆల్బుమిన్ అంతగా పోదు, వడపోతే నిశ్శబ్దంగా తగ్గిపోతుంది. మధుమేహం వల్ల వచ్చేదానిలో తరచుగా ఆల్బుమిన్ ముందు కనబడుతుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే దారిన వచ్చినట్టు నాకు తోచింది గానీ, ఇద్దరివీ రెండు వేరు వ్యాధులు. బావమరిదిని చూసిన కళ్ళతో మా ఆవిడ కాగితాలు చూశాను. అందుకే క్రియాటినిన్ ఒక్కటే చూసి తక్కినది వదిలేశాను.

మూత్రంలో జారే ఆల్బుమిన్‌కూ గుండె లయకూ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్న కొత్తది కాదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో ఒళ్ళు నీరుపట్టిన రోగుల వ్యాధిని వివరించాడు. ఒక చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంట మీద వేడిచేస్తే, ఆల్బుమిన్ ఉన్నట్లయితే కోడిగుడ్డు తెల్లసొనలా విరిగేది. 1836లో అటువంటి నూరుమంది రోగుల శవపరీక్షల వివరాలు పట్టికగా ప్రకటిస్తూ, చాలామందిలో గుండె కూడా పెరిగి ఉన్నదని గుర్తించాడు. చెంచా, కొవ్వొత్తి తప్ప వేరే సాధనం లేనివాడు మెతుకు పట్టి చూశాడు. అచ్చువేసిన అంకె చేతిలో ఉన్న నేను చూడలేదు.

ఇక లయ సంగతి. అమెరికాలోని నాలుగు ప్రాంతాలలో నడిచిన ఎరిక్ అనే అధ్యయనం నుంచి 2011లో ఒక పత్రం వెలువడింది. మొదట్లో ఈ లయభంగం లేని 10,328 మందిని సుమారు పదేళ్ళు గమనించగా 788 మందికి అది వచ్చింది. వడపోత 90 పైన ఉన్నవారితో పోలిస్తే, 30కీ 59కీ నడుమ ఉన్నవారికి ఆ ముప్పు 1.6 రెట్లు, 15కీ 29కీ నడుమ ఉన్నవారికి 3.2 రెట్లు. ఆల్బుమిన్ 30 దాటినవారికి సుమారు రెండు రెట్లు, 300 దాటినవారికి మూడు రెట్లకు పైమాట. రెండు గుర్తులూ బాగా చెడినవారిలో ముప్పు మరింత పెరిగిపోయింది.

ఎందువల్ల? మూత్రపిండం బలహీనపడితే ఉప్పూ నీరూ ఒంట్లో నిలుస్తాయి, రక్తపోటు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు నెట్టి నెట్టి గుండె కండ మందమవుతుంది. పైగది సాగుతుంది. దాని గోడలో కండకు బదులు నారపోగులు చేరుతాయి, విద్యుత్తు దారి తప్పుతుంది. పొటాషియం, మెగ్నీషియం వంటి లవణాల సమతూకం చెడితే దారి మరింత తప్పుతుంది. ఆల్బుమిన్ జారుతోందంటే మూత్రపిండపు జల్లెడ ఒక్కటే కాదు, ఒళ్ళంతా ఉన్న సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటున్నదనడానికి అది సాక్ష్యం. అన్నం కుండంతా మాడుతున్నదని ఒక మెతుకు చెప్పడమే ఇది.

ఇంతా విని, మనసులో చాలాకాలంగా నలుగుతున్న మాట అడిగాను. "2018లోనే నేను మేలుకుని ఉంటే మీ అమ్మగారికి ఈ అవస్థ తప్పేదా?"

ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. "వేలమందిని లెక్కవేస్తే ముప్పు తగ్గేదని చెప్పగలను మాస్టారూ. ఈ ఒక్క మనిషికి తప్పేదని గానీ, తప్పేది కాదని గానీ చెప్పలేను. అమ్మగారికి రక్తపోటు ఉంది, మధుమేహం ఉంది, వయసు ఉంది. అవి ఒక్కటొక్కటే లయ తప్పించడానికి చాలు" అంది.

కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకి వల్లనే పండు పడిందనలేం. అది కాకతాళీయం. నేను ఆ న్యాయాన్ని ఆశ్రయించి తప్పించుకోవచ్చు. అయితే పదివేలమందిలో, తక్కిన కారణాలను లెక్కలోంచి తీసివేసిన తరువాత కూడా, కాకి వాలిన చోటనే పళ్ళు ఎక్కువగా రాలుతుంటే దానిని కాకతాళీయమని తోసిపుచ్చలేం. ఈ రెండు మాటల మధ్యనే నేను మూడేళ్ళకు పైగా తిరుగుతున్నాను. పాపం చేశానని ఏడవడానికీ, నా తప్పు లేదని నిద్రపోవడానికీ రెండింటికీ ఆధారం చాలదు.

ఇందులో మరొక చిక్కు ఉంది. లయ తప్పిన గుండె రక్తాన్ని సరిగా తోయలేదు. అందువల్ల మూత్రపిండం ఇంకా క్షీణిస్తుంది. అది క్షీణిస్తే లయ ఇంకా చెడుతుంది. విత్తు ముందా చెట్టు ముందా అనే బీజాంకుర న్యాయం ఇదే. మందు ఇవ్వడంలోనూ రెంటినీ కలిపే చూడాలి. గడ్డ కట్టనీయని మందులు కొన్ని మూత్రపిండాల ద్వారానే బయటకు పోతాయి. డాబిగాట్రాన్ అనేది నూటికి ఎనభై పాళ్ళు ఆ దారినే పోతుంది, ఎపిక్సబాన్ సుమారు పాతిక పాళ్ళు. మా ఆవిడకు రెండవది ఇచ్చారు. వాడుకలో ఉన్న పాత మందు వార్‌ఫరిన్ అయితే గోంగూర, తోటకూర, పాలకూర తినడంలో హెచ్చుతగ్గులు లేకుండా చూసుకోవాలి, తరచుగా రక్తపరీక్ష చేయించాలి. ఆల్బుమిన్ జారడాన్ని తగ్గించడానికి టెల్మిసార్టాన్, మూత్రపిండాన్ని కాపాడడానికి డాపాగ్లిఫ్లోజిన్ చేర్చారు. మోకాలినొప్పులకని నేను మందుల దుకాణంలో అడిగి తెచ్చి ఆమెకు ఇస్తూ వచ్చిన నొప్పి మాత్రలు మాన్పించారు. అవి మూత్రపిండానికి హాని చేస్తాయని చీటీ రాసే వైద్యుడు చెబుతాడు, చీటీ లేకుండా కొనేవాడికి ఎవరు చెబుతారు?

మాట సంగతి చెప్పి ముగిస్తాను. ఆసుపత్రి నుంచి వచ్చిన తరువాత ఆమెకు అర్థమయ్యేది గానీ మాట దొరికేది కాదు. దాహమైతే "పువ్వులు" అనేది. అన్నది తప్పని ఆమెకే తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నిఘంటువులు తిరగేసి బతికినవాణ్ణి, నా ఇంట్లో నీళ్ళు అనే మాట లేకుండాపోయింది. ఒక శుక్రవారం దీపం పెడుతుంటే వెనక నుంచి మంగళహారతి పాట వినిపించింది. తిరిగి చూస్తే ఆమే. ఒక్క అక్షరం తప్పకుండా పాడుతోంది. పాట మెదడులో వేరే దారుల సాయం తీసుకుంటుందట. మాట పోయినవారిలో కొందరికి పాట మిగలడం వైద్యులు ఎరిగినదే. చికిత్సకురాలు ఆ పాటనే ఆసరాగా పట్టుకుంది. నీళ్ళు, అన్నం, దుప్పటి, కిటికీ, ఒక్కొక్క మాటనూ రాగం తీసి అనిపించి, తరువాత రాగం తీసివేయించింది. నేను పక్కన కూర్చుని అదే చేశాను. నా ఉద్యోగమంతటిలో ఇంత శ్రద్ధగా పాఠం చెప్పలేదు.

ఇప్పుడు చాలా మాటలు వచ్చాయి. పేర్లు ఇంకా తడబడతాయి. ప్రతి ఉదయం కాఫీకి ముందు ఆమె మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి పూర్తి నిమిషం లెక్కపెడతాను. ఎన్నిసార్లన్నది ఒక ఎత్తు, ఎడం సమంగా ఉన్నదా లేదా అన్నది మరొక ఎత్తు. ఇది ఎవరైనా చేయవచ్చు, ఖర్చు లేదు. మా ఆవిడకు నాడి సమంగా ఉండదని నాకు తెలుసు, అయినా చూస్తాను. మొన్న నేను లెక్క ముగించి చేయి వదలబోతుంటే, "ఎన్ని మార్కులు?" అంది. చాలాకాలానికి వచ్చిన పూర్తి ప్రశ్న అది.

ఇది చదివే మిత్రుల ఇంట్లోనూ ఒక గుడ్డసంచీ ఉండే ఉంటుంది. మధుమేహమో రక్తపోటో ఉన్నవారి కాగితాలు అందులో ఉంటే ఈ పూట తీసి చూడండి. ఇ.జి.ఎఫ్.ఆర్. ఎంత, మూత్రంలో ఆల్బుమిన్ ఎంత, పోయినేటికీ ఈ ఏటికీ తేడా ఎంత. ఆ పరీక్ష చేయించి ఉండకపోతే అడిగి చేయించండి. గుండెలో పిట్ట కొట్టుకుంటున్నదని ఎవరైనా అంటే వాము ఇచ్చి ఊరుకోకండి. ఒకసారి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన తృప్తిపడకండి. వైద్యుడికి చెప్పండి. ఆయన అవసరమనుకుంటే ఒకటి రెండు రోజులు ఒంటిమీదే ఉంచి గీత నమోదుచేసే పరికరం ఉంది.

నా ఎర్ర సిరా కాగితాలను పారవేయలేదు. "కిడ్నీ బాగున్నది" అన్న మాటను నిలువునా కొట్టివేసి, పక్కనే "57, 190" అని రాసి, కింద నా సంతకం పెట్టాను. తప్పు దిద్దినవాడు సంతకం పెట్టడం మా వృత్తిధర్మం.

సెలవు.